డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు – పుట్టబోయే బిడ్డల కిడ్నీలు

మన గోదావరి జిల్లాలలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు విననివారు తక్కువ. భీమవరంలో పుట్టి అమెరికా వెళ్ళి గొప్ప మందులు కనిపెట్టిన మహానుభావుడని పిల్లలు కూడా చెబుతారు. ఏ మందులని అడిగితే క్యాన్సరు మందనీ, బోదకాలు మాత్రలనీ కొందరు అంటారు. అది నిజమే. కానీ ఆయన పనికీ, పుట్టుకతోనే మూత్రపిండాల బాధతో లోకంలోకి వచ్చే పసిబిడ్డలకూ ఉన్న సంబంధం గురించి చెప్పేవారు కనబడరు. ఆ సంబంధంలో ముఖ్యమైన భాగం ఆయన చనిపోయిన 43 ఏళ్ళకు గాని రుజువు కాలేదు. ఆ సంగతి మన ఇళ్ళలో తల్లులకు, దాదీలకు, నానీలకు, పెళ్ళీడు ఆడపిల్లలకు అందరికీ తెలియాల్సినది కనుక ఆయన జీవితాన్ని ఆ వైపు నుంచి చెప్పుకుందాం.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న నేటి పశ్చిమ గోదావరిలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానంలో ఈయన నాలుగోవాడు. ఇంట్లో జబ్బులు, చావులు, డబ్బు లేమి. చిన్నతనంలో చదువు మీద మనసు నిలవక, యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని కాశీకి బయలుదేరితే ఇంటివాళ్ళు పట్టుకొచ్చారట. రాజమండ్రిలో చదువు సాగీ సాగక, మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. అదీ మద్రాసు హిందూ హైస్కూలు నుంచి. (మూడుసార్లు పరీక్ష రాసినవాడి పేరు తరువాత ప్రపంచమంతా వైద్య పుస్తకాలలోకి ఎక్కింది. పరీక్ష తప్పిన పిల్లల తండ్రులు ఇది గుర్తుపెట్టుకోవచ్చు.) ఒక దశలో సన్యాసం తీసుకోవాలనుకుని రామకృష్ణ మఠం చుట్టూ తిరిగారు. అక్కడి పెద్దలు ఆయనను వైద్యం చదివి జనానికి సేవ చెయ్యమని పంపించారు.

అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. చదువుకు డబ్బేది? అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు తన కుమార్తె శేషగిరిని ఇచ్చి పెళ్ళి చేసి, చదువు ఖర్చులో చేయి వేశారు. అవి స్వదేశీ ఉద్యమం రోజులు. సుబ్బారావు గారు ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషను గదిలోకి వచ్చేవారు. సర్జరీ ప్రొఫెసరైన తెల్లదొరకు అది కంటగింపయింది. చివరికి మిగతా సబ్జెక్టులన్నీ బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. దక్కలేదు. కింది తరగతిదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికి వచ్చింది.

ఈలోగా ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. స్ప్రూ అనే జబ్బు ఆ కుటుంబాన్ని పట్టుకుంది. ఇది మన పెద్దలు సంగ్రహణి అనేదాని లాంటిది. నెలల తరబడి విరేచనాలు, తిన్నది ఒంటికి పట్టకపోవడం, నాలుక పూయడం, రక్తం పాలిపోవడం, మనిషి ఎముకల గూడై పోవడం. సుబ్బారావు గారి సోదరులు ఇద్దరు కొద్దిరోజుల తేడాలో కన్నుమూశారు. ఆయనను కూడా ఆ జబ్బు వదలలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన కోలుకున్నారు. తరువాత లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పారు. తన వాళ్ళను తీసుకుపోయిన జబ్బుకు కారణమేమిటి, తిండిలో ఏమి లోపించింది అన్న ప్రశ్న ఆయన మనసులోంచి పోలేదు. తరువాత కథంతా ఈ ప్రశ్న చుట్టే తిరిగింది.

మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తానన్న సాయం చూసుకుని 1920ల మొదట్లో ఓడ ఎక్కి అమెరికాలోని బాస్టన్ చేరారు. అప్పటికి శేషగిరమ్మ గారు గర్భవతి. తరువాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. మూడేళ్ళలో వస్తానని వెళ్ళిన మనిషి మళ్ళీ ఎన్నడూ గోదావరి గట్టు తొక్కలేదు. ఇందులో ఆయన తప్పెంత, కాలం తప్పెంత అని తూచి చెప్పడం మన పని కాదు. కానీ శేషగిరమ్మ గారి త్యాగం కూడా ఈ కథలో లెక్కకు రావాలి.

బాస్టన్‌లో బతుకుతెరువుకు ఆస్పత్రిలో రాత్రిపూట పనివాడిగా చేరారు. రోగుల మలమూత్రాల పాత్రలు తీసి కడిగే పని. పగలు హార్వర్డ్‌లో చదువు. అక్కడ సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద జీవరసాయన శాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టారు. మన విషయానికి సంబంధించిన మొదటి మెట్టు ఇక్కడే ఉంది.

రక్తంలో, మూత్రంలో భాస్వరం (ఫాస్ఫరస్) ఎంత ఉందో కొలవడం అప్పట్లో కష్టసాధ్యంగా ఉండేది. ఫిస్కే, సుబ్బారావు కలిసి 1925లో ఒక సులువైన పద్ధతి ప్రచురించారు. నమూనాలో మాలిబ్డేటు అనే లవణాన్ని ఆమ్లంతో కలిపి, మరొక రసాయనం చేర్చితే నీలం రంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కబడితే భాస్వరం అంత ఎక్కువ. అంతే. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో ప్రపంచమంతా లాబొరేటరీలలో దశాబ్దాల పాటు దీన్నే వాడారు. మన మెడికల్ కాలేజీల విద్యార్థులు కూడా దీన్ని చేతులతో చేసి నేర్చుకున్నవారే.

దీనికీ పిల్లల కిడ్నీలకూ ఏమిటి సంబంధమంటారా? ఒంట్లో ఎక్కువైన భాస్వరాన్ని మూత్రంలోకి తోసేసే పని కిడ్నీలది. పుట్టుకతోనే కిడ్నీలు సరిగా ఎదగని బిడ్డలో, లేదా మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలు పాడైన బిడ్డలో, రాను రాను అది బయటికి పోదు. రక్తంలో పేరుకుపోతుంది. ఎముకల్లోని సున్నం తరిగిపోతుంది. కాళ్ళు వంకర పోతాయి, ఎదుగుదల ఆగిపోతుంది. ఇంట్లోవాళ్ళు దొడ్డికాళ్ళు అనుకుని నూనె రుద్దుతారు, పాలు పడతారు. అసలు రోగం కిడ్నీలో ఉంటుంది. రక్తంలో భాస్వరం ఎంతుందో చూస్తే ఆ సంగతి బయటపడే దారి దొరుకుతుంది. ఆ కొలతను తేలిక చేసినవారిలో ఒకరు మన భీమవరం మనిషి.

తరువాత హార్వర్డ్‌లో ఆయన పని ఇంకా పెద్దది. 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. అనే శక్తి పదార్థం గురించి ఫిస్కేతో కలిసి ప్రకటించారు. 1930లో పిహెచ్.డి. వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. ఆ లాబొరేటరీలోనే అదే కాలంలో జార్జ్ హిచింగ్స్ అనే అమెరికా కుర్రవాడు పిహెచ్.డి. చేస్తుండేవాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1940లో సుబ్బారావు గారు న్యూయార్కు దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళారు. త్వరలోనే అక్కడి పరిశోధన అంతటికీ అధిపతి అయ్యారు. పాత ప్రశ్న మళ్ళీ పట్టుకున్నారు: సంగ్రహణిలో, కొన్ని రక్తహీనతలలో ఒంటికి అందకుండా పోతున్నది ఏమిటి?

దీనికి అంతకుముందే ఒక జాడ దొరికింది, అదీ మన దేశంలోనే. 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు గర్భిణీ స్త్రీలలో వచ్చే తీవ్రమైన రక్తహీనతను పరిశీలించింది. బొంబాయి పేద ముస్లిం కుటుంబాల స్త్రీలలో ఆ జబ్బు మిగతావారికన్నా ఎక్కువగా కనబడింది. వారి తిండి కూడా అందరికన్నా నాసిరకంగా ఉంది. ఈస్ట్ సారం తినిపిస్తే ఆ స్త్రీలు కోలుకుంటున్నారని ఆమె 1931లో ప్రచురించింది. ఈస్ట్‌లో ఉన్న ఆ పదార్థమేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో అమెరికాలో టెక్సాస్ శాస్త్రజ్ఞులు పాలకూర ఆకుల నుంచి అలాంటి పదార్థాన్నే తీసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. కానీ ఆకుల్లో నుంచి తీస్తే వచ్చేది చిటికెడు కూడా ఉండదు. రోగులకు ఇవ్వాలంటే దాని నిర్మాణం తెలుసుకుని ఫ్యాక్టరీలో తయారు చెయ్యాలి. 1945 నాటికి సుబ్బారావు గారి దళం ఆ పని సాధించింది. ఫోలిక్ యాసిడ్ స్ప్రూ రోగులకు ఇస్తే పాలిపోయిన మనుషులు రోజుల్లో తేరుకున్నారు. సోదరులను పోగొట్టుకున్న పాతికేళ్ళకు ఆ జబ్బుకు మందు దొరికింది.

ఇక మిగతా విజయాలు క్లుప్తంగా చెబుతాను, అవి అందరికీ తెలిసినవే. ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉండి దాని పనిని అడ్డుకునే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులు ఆ దళం నుంచే వచ్చాయి. బాస్టన్ పిల్లల ఆస్పత్రిలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్ ఇస్తే, రక్త క్యాన్సరు ఉన్న 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం గుణం కనిపించింది. అది 1948లో లోకానికి తెలిసింది. ఆయన నాయకత్వంలోనే 1947లో ఫైలేరియాకు హెట్రజాన్, 1948లో టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ వచ్చాయి. మన డెల్టాలో ఫైలేరియా నివారణకు ఇంటింటికీ పంచే డీఈసీ మాత్రలు ఆ హెట్రజానే. 1948 ఆగస్టులో ఆయన నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. అమెరికా పౌరసత్వం లేదు, నోబెల్ లేదు, స్వదేశంలో తెలిసినవారు తక్కువ. మన తపాలా శాఖ 1995లో శతజయంతికి బిళ్ళ విడుదల చేసింది.

కథ ఇక్కడితో ఐపోలేదు. తల్లి కడుపులో బిడ్డ ఏర్పడేటప్పుడు వెన్నుపాము మొదట రేకులా పరుచుకుని ఉండి, తరువాత రెండంచులూ కలిసి గొట్టంలా మూసుకుంటుంది. ఇది గర్భం నిలిచిన 28 రోజుల లోపల జరిగిపోతుంది. అంటే నెల తప్పిందని తల్లి గ్రహించే సమయానికి ఈ పని దాదాపు పూర్తయ్యే ఉంటుంది. కింది భాగంలో ఆ గొట్టం మూసుకోకపోతే బిడ్డ నడుము కింద బుడగలాంటి సంచితో పుడుతుంది. దీన్నే స్పైనా బైఫిడా అంటారు. కాళ్ళు చచ్చుబడటం, తల పెద్దది కావడం అందరికీ కనబడతాయి. కనబడనిది మూత్రం సంగతి. మూత్రాశయాన్ని నడిపే నరాలు సరిగ్గా ఆ నడుము కింది భాగం నుంచే వస్తాయి. అవి పాడైతే మూత్రాశయం కండరం, దాని వాకిలి రెండూ ఒకేసారి బిగుసుకుంటాయి. లోపల ఒత్తిడి పెరిగి మూత్రం వెనక్కి, కిడ్నీల వైపు తన్నుతుంది. మూత్రనాళాలు ఉబ్బుతాయి, చీము పడుతుంది, కిడ్నీలు కొద్దికొద్దిగా చచ్చిపోతాయి. ఒకప్పుడు ఇలాంటి పిల్లలలో వీపు ఆపరేషను నుంచి బతికి బయటపడ్డవారిలో చాలామంది తరువాత కిడ్నీలు పోయి మరణించేవారు. పుట్టినప్పుడు ఆ కిడ్నీలు చాలావరకు మంచివే. వెన్నులో లోపం వాటిని చంపింది.

1972లో అమెరికాలోని మిషిగన్‌లో డాక్టర్ జాక్ లాపిడెస్ ఒక సాదా మార్గం చెప్పాడు. రోజుకు నాలుగైదుసార్లు శుభ్రమైన చేతులతో సన్నని గొట్టం పెట్టి మూత్రాశయాన్ని ఖాళీ చెయ్యడం. ఆస్పత్రి స్థాయి క్రిమిరహిత ఏర్పాట్లు అక్కర్లేదు. మూత్రం నిలవ లేకుండా చూడటమే ముఖ్యం. తల్లే నేర్చుకుని చెయ్యవచ్చు, పిల్లవాడు పెద్దవాడైతే తనే చేసుకుంటాడు. దీనితో ఎన్నో కిడ్నీలు నిలిచాయి.

కానీ లోపమే రాకుండా చూడగలిగితే? ఇంగ్లండులో డాక్టర్ స్మిథెల్స్, ఆయన తోటివారు 1960లలోనే ఫోలిక్ యాసిడ్ కొరతకూ ఈ వెన్ను లోపానికీ సంబంధం ఉందని అనుమానించారు. చాలామంది నమ్మలేదు. చివరికి 1991లో, ఇలాంటి బిడ్డను ఒకసారి కన్న స్త్రీలపై ఏడు దేశాలలో జరిపిన పెద్ద పరీక్ష ఫలితం వెలువడింది. గర్భం రాకముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకున్నవారిలో మళ్ళీ అలాంటి బిడ్డ పుట్టడం 72 శాతం తగ్గింది. సంగ్రహణి కోసం సుబ్బారావు గారి దళం తయారుచేసిన పదార్థం పుట్టని బిడ్డ వెన్నును, దాని వెంట మూత్రాశయాన్ని, కిడ్నీలను కాపాడుతోందని తేలింది. అమెరికాలో 1998 నుంచి ధాన్యపు పిండిలోనే దీన్ని తప్పనిసరిగా కలుపుతున్నారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పుట్టుకతో వచ్చే కిడ్నీ, మూత్రనాళ లోపాలన్నీ ఫోలిక్ యాసిడ్‌తో ఆగవు. ఒక్క కిడ్నీతో పుట్టడం, రెండు కిడ్నీలు గుర్రపు నాడాలా అతుక్కోవడం, మగపిల్లల్లో మూత్రమార్గంలో పొర అడ్డుపడటం, మూత్రం వెనక్కి పోయే రిఫ్లక్స్, వీటిని ఆపే విటమిన్ ఇంతవరకు రుజువు కాలేదు. వీటికి గర్భంలో స్కానింగు, పుట్టాక త్వరగా గుర్తించడమే దారి. మగబిడ్డ మూత్రం ధారగా కాకుండా చుక్కలుగా పడుతున్నా, ముక్కి ముక్కి పోస్తున్నా, కారణం తెలియని జ్వరం మళ్ళీ మళ్ళీ వస్తున్నా, నడుము కింద వెంట్రుకల కుచ్చు గాని గుంట గాని వాపు గాని ఉన్నా ఊరుకోకూడదు. మంత్రాలకు, తాయెత్తులకు ముందు మూత్రం పరీక్ష చేయించండి. మన కుటుంబాలలో చిన్నాన్న పిల్లల మధ్య, ఇరుగుపొరుగువారిలో మేనరికంగా, దగ్గర సంబంధాలు చేసుకునే అలవాటు ఉంది. అలాంటి పెళ్ళిళ్ళలో కొన్ని పుట్టుక లోపాల ప్రమాదం కొంత పెరుగుతుంది కనుక ఆ ఇళ్ళలో స్కానింగు వాయిదా వెయ్యకూడదు.

రిఫ్లక్స్ ఉన్న పిల్లల కథలో హిచింగ్స్ మళ్ళీ వస్తాడు. సుబ్బారావు గారి దళం మనిషి కణాలలో ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకుంటే, హిచింగ్స్ మరొక కంపెనీలో ఉండి సూక్ష్మక్రిములలో మాత్రమే దాన్ని గట్టిగా అడ్డుకునే ట్రైమెథోప్రిమ్ తీసుకొచ్చాడు. సల్ఫా మందుతో కలిపి 1968లో బజారుకు వచ్చిన ఆ మాత్రనే మనం సెప్ట్రాన్ అని వాడుతున్నాం. మూత్రం వెనక్కి పోయే పిల్లలకు చీము పట్టకుండా రోజూ కొద్ది మోతాదులో ఇచ్చేది ఎక్కువగా ఇదే. అమెరికాలో జరిపిన ఒక పెద్ద పరీక్ష ఫలితం 2014లో వచ్చింది. ఈ మందుతో మళ్ళీ మళ్ళీ వచ్చే ఇన్‌ఫెక్షన్లు దాదాపు సగం తగ్గాయి గాని, కిడ్నీపై మచ్చలు పడటం తగ్గినట్టు కనబడలేదు. అందుకే ప్రతి బిడ్డకూ కాకుండా చూసి ఇస్తున్నారు. హిచింగ్స్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. సుబ్బారావు గారు అప్పటికి పోయి 40 ఏళ్ళు.

ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులకు రెండో అంచు కూడా ఉంది. 1950ల మొదట్లో అమినాప్టెరిన్‌ను గర్భం తీసివేయడానికి వాడి చూశారు. గర్భం పోని చోట పుట్టిన కొందరు బిడ్డలు పెద్ద లోపాలతో పుట్టారు. బిడ్డ ఏర్పడటానికి ఫోలిక్ యాసిడ్ ఎంత అవసరమో ఆ రోజునే తెలిసి ఉండాల్సింది, కానీ ఆ ముక్కలు కలిపి చూడటానికి చాలా ఏళ్ళు పట్టింది. కీళ్ళవాతానికో, సోరియాసిస్‌కో మెథోట్రెక్సేట్ వాడే స్త్రీ గర్భం రాకుండా జాగ్రత్తపడాలని డాక్టర్లు గట్టిగా చెప్పేది ఇందుకే.

ఆకుకూరలు, పెసలు, శనగలలో ఫోలేటు ఉంటుంది. అయితే గంటల తరబడి ఉడికించి నీళ్ళు వంపేస్తే చాలా వరకు పోతుంది. తిండి ఒక్కదాన్నే నమ్ముకోవడం చాలదు. ప్రభుత్వ ఆస్పత్రులలో గర్భిణులకు ఇచ్చే ఇనుము మాత్రలో 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. కానీ అది మొదలయ్యేది నాలుగో నెలలో. వెన్ను మూసుకునేది మొదటి నెలలో. ఈ తేడా వల్లనే 2018 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు గర్భం రాకముందు నుంచి మూడో నెల దాకా రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేరుగా తీసుకోమంటున్నాయి. పెళ్ళి ఏర్పాట్లలో నగలకు, దావత్‌కు లెక్క వేసేవారు ఈ మాత్రల ఖర్చు కూడా వేసి చూడండి, అది చాయ్ ఖర్చు పాటి ఉండదు. ఇంతకుముందు వెన్ను లోపంతో బిడ్డ పుట్టి ఉన్న తల్లికి మాత్రం ఈ మోతాదు చాలదు. ఆమెకు మళ్ళీ గర్భం అనుకోవడానికి కనీసం ఒక నెల ముందే డాక్టరుతో చెప్పించి, మన దగ్గర దొరికే 5 మిల్లీగ్రాముల మాత్ర మొదలుపెట్టించాలి.